అన్నయ్య పంపే ఫైలు మీదే నా థీసిస్ నడుస్తోంది, ఏం చేయాలి?

రాయగడ జిల్లా గుణుపురం ప్రాంతం నుంచి వచ్చి బరంపురంలో పరిశోధన చేస్తున్న ఒక పాఠకురాలు, తన పేరు బయటపెట్టవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

వంశధారలో వరద వచ్చినప్పుడు ఏ ఊరి దగ్గర నీరు ఎంత ఎత్తుకు చేరుతుందో లెక్కకట్టే, ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషలో రాసిన ఒక ప్రోగ్రాము మీద ఆమె పరిశోధన ఆధారపడి ఉంది. అందులో కొంత భాగాన్ని గైడు గారు ఏనాడో ఆ భాష పాత రూపమైన ఫోర్ట్రాన్ 77లో రాశారు. తరువాత వచ్చిన ఇద్దరు సీనియర్లు మాడ్యూళ్లు (మిగతా ఫైళ్లు వాడుకోగల కోడు భాగాలు) చేర్చారు. ఇప్పుడు మొత్తం మనుషులు రాసిన కోడు ఉన్న 14 సోర్సు ఫైళ్లు, వాటి పక్కన ‘లిబ్‌నది.ఏ’ అనే ఒక పాత లైబ్రరీ ఫైలు (ముందే సిద్ధం చేసిన కోడు కట్ట) ఉన్నాయి. సమీకరణాలను సాధించడానికి లాపాక్ లైబ్రరీని, వర్షపాతం డేటా చదవడానికి నెట్‌సీడీఎఫ్ లైబ్రరీని ఈ ప్రోగ్రాము వాడుకుంటుంది. వీటన్నింటినీ కలిపి నడిచే ఫైలుగా, అంటే ఎగ్జిక్యూటబుల్‌గా, మార్చడం తెలిసిన చివరి సీనియరు (ఆమె ‘అన్నయ్య’ అని పిలిచేది ఈయననే) ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వెళ్లిపోయారు. ఏ చిన్న మార్పు చేసినా ఈమె ఆ ఫైలును ఆయనకు పంపాలి, ఆయన రాత్రి తీరిక చూసుకుని ఎగ్జిక్యూటబుల్ తయారుచేసి తిరిగి పంపాలి. ‘అన్నయ్య ఎప్పుడూ విసుక్కోలేదు, కానీ ప్రతిసారీ చేయి చాచినట్లే ఉంటుంది’ అని ఆమె రాశారు.

గత నెల ల్యాబుకు కొత్త కంప్యూటరు వచ్చింది. అన్నయ్య పంపిన ఫైలు అందులో ‘లిబ్‌లాపాక్.ఎస్ఓ.3’ దొరకడం లేదంటూ ఆగిపోయింది. తానే కంపైల్ చేద్దామని కూర్చుంటే మొదట ఒక ‘.మోడ్’ ఫైలు తెరుచుకోలేదు. ఫైళ్ల వరుస మార్చాక ఆ గొడవ తీరింది గానీ, ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ నలభై వరుసలు వచ్చిపడ్డాయి. పాత కంప్యూటరు మీదికి వెళ్లి లైబ్రరీల పేర్లు చేరిస్తే ఈసారి ‘మల్టిపుల్ డెఫినిషన్’ అన్నది. ఆ పేరున్న ఫైలును కమాండులోంచి తీసేస్తే చివరకు ఏ తప్పూ చూపకుండా లింకయింది. అయితే ఆ ఫలితంలో కాశీనగర్ వద్ద గరిష్ఠ నీటిమట్టం అన్నయ్య ఫైలు ఇచ్చినదాని కంటే 32 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. గైడు గారు ‘నడుస్తున్నదాన్ని కదపవద్దు’ అంటున్నారు. స్నేహితురాలు అంతా పైథాన్‌లో తిరగరాయమంటోంది. థీసిస్ సమర్పణకు నాలుగు నెలలే ఉంది. అన్నయ్య మీదే ఆధారపడి ఈ నాలుగు నెలలు గడపాలా, తిరగరాయాలా, లేక నేర్చుకోవాలా? ‘నాకు ఫోర్ట్రాన్ రాదేమోనన్న అనుమానం పట్టుకుంది’ అన్నది ఆమె చివరి వాక్యం.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిన విషయం ఒకటి, నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మరొకటి. ఆ నలభై తప్పుల వరుసలు మీకు నిద్ర లేకుండా చేశాయి. నేను మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన 32 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయాను. ముందు మీ అనుమానం తీర్చి, తరువాత దాని దగ్గరకు వస్తాను.

మీకు ఫోర్ట్రాన్ రాదన్నది నిజం కాదు. మీకు ఎదురైన తప్పుల్లో మొదటిది తప్ప మిగిలినవేవీ ఫోర్ట్రాన్ కంపైలరు చెప్పినవి కావు. ఫోర్ట్రాన్ కంపైలరైన జీఫోర్ట్రాన్ పేరు టైపు చేసినప్పుడు ఒకే పని జరుగుతున్నట్లు కనిపిస్తుంది గానీ లోపల రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. ఒక్కో సోర్సు ఫైలును చదివి దాన్ని ఆబ్జెక్ట్ ఫైలుగా మార్చడం కంపైలరు పని. ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లను, లైబ్రరీలను దగ్గరకు చేర్చి, ఒకదానిలో పిలిచిన పేరు మరొకదానిలో ఎక్కడుందో వెతికి ముడివేయడం లింకరు పని. లింకరుకు ఫోర్ట్రాన్ తెలియదు, నది తెలియదు, పేర్ల అక్షరక్రమం మాత్రమే తెలుసు. మన సరిహద్దు జిల్లాల్లో ఒడియాలో రాసిన పట్టాలో ఇంటిపేరు ఒక విధంగానూ, ఆధార్‌లో మరో విధంగానూ ఉంటే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని కౌంటరులో చెబుతారే, లింకరు తీరు కూడా అంతే.

మీ కోడులో డీజీఈఎస్‌వీ అని పిలిచిన లాపాక్ సబ్‌రొటీన్ (పేరుపెట్టి పిలిచే చిన్న ప్రోగ్రాము) పేరును జీఫోర్ట్రాన్ చిన్న అక్షరాల్లోకి మార్చి, చివర ఒక అండర్‌స్కోరు తగిలిస్తుంది. అందుకే తప్పు సందేశంలో మీరు రాయని ఆ గీత మీకు కనిపించింది. మాడ్యూలు లోపలి సబ్‌రొటీన్ అయితే మాడ్యూలు పేరును కూడా కలిపి మరింత పొడవైన పేరు కడుతుంది. కాబట్టి ఆ నలభై వరుసలను నలభై తప్పులుగా చదవకండి. ఒకే పేరు పిలిచిన చోటల్లా సందేశం మళ్లీ వస్తుంది. వేరువేరు పేర్లను మాత్రం ఒక కాగితం మీద రాసుకుంటే బహుశా ఐదారు కంటే ఎక్కువ తేలవు, అవి కూడా లాపాక్‌వి కొన్ని, నెట్‌సీడీఎఫ్‌వి కొన్ని అయి ఉంటాయి.

ఇక ఒక్కొక్క ముడి విప్పుదాం. మొదట వచ్చిన ‘.మోడ్’ తప్పు వరుసకు సంబంధించినది. మాడ్యూలు ఉన్న ఫైలును కంపైల్ చేసినప్పుడు, అందులో ఏమేమి ఉన్నాయో చెప్పే ఒక ‘.మోడ్’ ఫైలు పుడుతుంది. ‘యూజ్’ అని ఆ మాడ్యూలును పిలిచే ఫైలు కంపైల్ కావాలంటే అది అప్పటికే పుట్టి ఉండాలి. స్థిరాంకాల మాడ్యూలు ముందు, దాన్ని వాడే నది అడ్డుకోతల మాడ్యూలు తరువాత, ప్రధాన ప్రోగ్రాము చివర. ఇది మీరే కనుక్కుని సరిచేశారు. ఫోర్ట్రాన్ రాని మనిషి ఆ పని చేయలేదు.

అయితే ఆ ‘.మోడ్’ ఫైళ్లను పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి నకలు చేసి తీసుకువెళ్లవద్దు. అవి ఏ కంపైలరు తయారుచేస్తే ఆ కంపైలరుకే పనికివస్తాయి. ఇంటెల్ కంపైలరు చేసినదాన్ని జీఫోర్ట్రాన్ చదవదు, జీఫోర్ట్రాన్‌లోనే కొన్ని వెర్షన్ల మధ్య పొంతన కుదరదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసి, ఆ తరువాత మీ గుణుపురం దాకా పొడిగించిన రైలు మార్గం ఏ గేజిదో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. 762 మిల్లీమీటర్ల ఆ చిన్న పట్టాల మీదికి మెయిన్ లైను పెట్టె ఎక్కేది కాదు కాబట్టి, అప్పట్లో నౌపడలో సరుకు దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. ఇక్కడ కూడా అదే పని: సోర్సు ఫైళ్లను మాత్రమే తీసుకువెళ్లి కొత్త కంప్యూటరు మీద అన్నింటినీ మళ్లీ కంపైల్ చేయండి. నెట్‌సీడీఎఫ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ లైబ్రరీతో వచ్చే ‘.మోడ్’ ఫైలు మీరు వాడే కంపైలరుతోనే తయారై ఉండాలి.

రెండోది ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. హైఫన్ చిన్న ఎల్ రాసి వెంటనే లాపాక్ అంటే, లింకరు ముందు ‘లిబ్’, వెనుక ‘.ఎస్ఓ’ లేదా ‘.ఏ’ చేర్చుకుని ఆ ఫైలు కోసం వెతుకుతుంది. ఎక్కడ వెతకాలో చెప్పడానికి హైఫన్ పెద్ద ఎల్, దాని వెంట ఫోల్డరు దారి. ఇందులో చాలామంది తడబడేది వరుస దగ్గర. లింకరు కమాండును ఎడమ నుంచి కుడికి చదువుతూ వెళుతుంది. ‘.ఏ’ లైబ్రరీ ఎదురైన క్షణానికి తన చేతిలో ఏ పేర్లు బాకీ ఉన్నాయో వాటిని తీర్చే ముక్కలను మాత్రమే అందులోంచి తీసుకుని ముందుకు సాగుతుంది. లైబ్రరీని ముందు రాసి మీ ఆబ్జెక్ట్ ఫైళ్లను తరువాత రాస్తే, లైబ్రరీ దగ్గర ఉన్నప్పుడు బాకీలే లేవు కాబట్టి ఏమీ తీసుకోదు. అందువల్ల మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు ముందు, లాపాక్ వాటి తరువాత, లాపాక్ తాను పిలిచే బ్లాస్ లైబ్రరీ దాని తరువాత రావాలి. నెట్‌సీడీఎఫ్ విషయంలో ఫోర్ట్రాన్ కోసం ఉన్న లైబ్రరీ పేరు చివర రెండు ఎఫ్‌లు ఉంటాయి, అది ముందు. ఒకే ఎఫ్ ఉన్న సీ లైబ్రరీ దాని వెనుక. ఒక ఎఫ్ తగ్గినందుకు రెండు రోజులు తెర ముందు కూర్చున్నవాణ్ణి నేను. ఎన్ఎఫ్-కాన్ఫిగ్ అనే చిన్న సాధనాన్ని అడిగితే మీ కంప్యూటరుకు సరిపోయే వరుసను అదే అచ్చువేసి ఇస్తుంది.

మూడోది, అన్నయ్య ఫైలు కొత్త కంప్యూటరు మీద ఆగిపోవడం. అది లింకింగు తప్పు కాదు, లింకింగు ఎప్పుడో ఆయన దగ్గర పూర్తయింది. ‘.ఎస్ఓ’ లైబ్రరీలు ఎగ్జిక్యూటబుల్ లోపలికి చేరవు, నడిచే సమయానికి ఆ కంప్యూటరు మీద ఉండాలి. మీ ల్యాబులోది ఉబుంటు అయితే లాపాక్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ సందేశం పోతుంది. మీరే లింకు చేయాలంటే పేరు చివర ‘డెవ్’ అని ఉన్న ప్యాకేజీ కావాలి, చివర అంకె లేని ‘లిబ్‌లాపాక్.ఎస్ఓ’ అందులోనే ఉంటుంది. కొత్త కంప్యూటరు మీద కంపైలరు కూడా కొత్తదే అయి ఉంటుంది కాబట్టి ఒక హెచ్చరిక. 2020లో వచ్చిన జీసీసీ 10 (జీఫోర్ట్రాన్ ఇందులో భాగమే) నుంచి, ఒకే సబ్‌రొటీన్‌ను ఒకచోట ఒక రకం ఆర్గ్యుమెంటుతోనూ (దానికి అందించే విలువ) మరోచోట వేరే రకంతోనూ పిలిస్తే అది తప్పుగా ఆపేస్తుంది. గైడు గారి పాత ఫైళ్లలో అలాంటివి దొరకవచ్చు. దాన్ని హెచ్చరికగా తగ్గించే ఫ్లాగు (కమాండులో చేర్చే సూచన) ఉంది, ‘ఎఫ్-అలౌ-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’. కానీ ఆ వరుసలను ఒకసారి కళ్లతో చూసిన తరువాతే దాన్ని వాడండి.

ఇప్పుడు 32 సెంటీమీటర్లు. ‘మల్టిపుల్ డెఫినిషన్’ అన్నదంటే ఒకే పేరున్న సబ్‌రొటీన్ రెండు చోట్ల ఉందని అర్థం. ఒకటి మీ 14 ఫైళ్లలో, మరొకటి బహుశా ఆ ‘లిబ్‌నది.ఏ’లో. మీరు తీసేసింది మీ ఫైలును. దానితో లింకరు ఆ పేరును పాత లైబ్రరీలోంచి తెచ్చుకుని, అక్షరాలు సరిపోయాయి కాబట్టి మారుమాట్లాడకుండా ముడివేసింది. నదీగర్భం గరుకుదనాన్ని చెప్పే మ్యానింగ్ గుణకాన్ని ఇచ్చే సబ్‌రొటీన్ అలా పాతదైపోయిందనుకోండి. గుణకం తక్కువైతే అదే ప్రవాహానికి నీటిమట్టం కూడా తక్కువే వస్తుంది, మీ ఫలితం తగ్గిన దిశ కూడా అదే. ఇది నా ఊహ మాత్రమే, కానీ వేరే అనుమానాల కంటే దీనికి బలం ఎక్కువ. ఎందుకంటే మీ తేడా చిన్నది, నమ్మదగినట్లు కనిపించేది. అన్నయ్య తన కమాండులో ‘రియల్’ అన్న ప్రతిదాన్నీ 8 బైట్లుగా తీసుకోమని చెప్పే ఫ్లాగు పెట్టి, మీరు పెట్టకపోయి ఉంటే, డబుల్ ప్రెసిషన్ (8 బైట్ల సంఖ్యలు) కోసం రాసిన డీజీఈఎస్‌వీ మీ 4 బైట్ల సంఖ్యలను తప్పుగా చదివి, నదిలో ఎక్కడా ఉండని అంకెలు ఇచ్చి ఉండేది. లింకరు దాన్ని కూడా ఆపదు సుమా, అది పేరు చూస్తుందే తప్ప లోపలి రకాన్ని చూడదు.

ఈ ఊహను పరీక్షించడం పది నిమిషాల పని. ఎన్ఎమ్ అనే కమాండు ఉంది. మొదట మీరు తీసేసిన ఫైలు తాలూకు ఆబ్జెక్ట్ ఫైలు మీద, తరువాత ‘లిబ్‌నది.ఏ’ మీద దాన్ని నడపండి. ప్రతి పేరు పక్కన ఒక అక్షరం వస్తుంది. టి అని ఉంటే ఆ సబ్‌రొటీన్ అక్కడే ఉందని, యు అని ఉంటే అది బయటి నుంచి రావలసి ఉందని అర్థం. ఒకే పేరు పక్కన రెండు చోట్లా టి కనిపిస్తే జంట దొరికినట్లే. ఇంకో చిక్కు కూడా ఇక్కడే పొంచి ఉంటుంది: పాత ఫోర్ట్రాన్‌లో సబ్‌రొటీన్లు ఉమ్మడిగా వాడుకునే కామన్ బ్లాకులకు తొలి విలువలు ఇచ్చే ‘బ్లాక్ డేటా’ ఒంటరిగా ఒక ఫైలులో ఉండి, ఆ ఫైలు ‘.ఏ’ లైబ్రరీలో చేరితే, దాన్ని పేరుపెట్టి ఎవరూ పిలవరు కాబట్టి లింకరు అసలు లోపలికే తీసుకోదు. విలువలు రాకుండానే ప్రోగ్రాము నడిచిపోతుంది. గైడు గారి ఫైళ్లలో అలాంటిది ఉంటే దాన్ని లైబ్రరీలో పెట్టకుండా నేరుగా ఆబ్జెక్ట్ ఫైలుగా కమాండులో రాయండి.

మీ ముందున్న దారులు ఇప్పుడు చూద్దాం. అన్నయ్య మీదే ఆధారపడి నాలుగు నెలలు గడిపేస్తే పని ఆగదు. కొత్త కంప్యూటరు మీద ప్యాకేజీ వేయించుకుంటే సరిపోతుంది. కానీ మీరు పంపిన ఫైలుతోనే ఆయన కలిపారా, పక్కన ఏ పాత నకలైనా చేరిందా అన్నది మీకు ఏనాటికీ తెలియదు. రేపు వైవాలో పరీక్షకులు ‘ఈ 32 సెంటీమీటర్లలో ఏది నిజం’ అని అడిగితే విశాఖపట్నానికి ఫోను చేయలేరు. ఈ దారి రెండు మూడు వారాలకు చాలు, నాలుగు నెలలకు చాలదు.

పైథాన్‌లో తిరగరాయడం మీ స్నేహితురాలు చెప్పినంత తేలిక కాదు. పైథాన్‌లో గణితానికి వాడే సైపై లైబ్రరీ లోపల సమీకరణాలను సాధించేది కూడా లాపాకే. లింకింగు శ్రమ మరొకరు ముందే పడి ఉంచారు, అంతే. నిజమైన శ్రమ 14 ఫైళ్లలోని నదిని మళ్లీ రాసి, పాత ఫలితంతో సరిపోల్చడంలో ఉంది. ఏ పాత ఫలితం సరైనదో తెలియకుండా దేనితో సరిపోల్చుతారు? సమర్పణ అయ్యాక ఆ ఆలోచన చేస్తే నేను అడ్డు చెప్పను.

అన్నింటినీ ఒకే ఫైలులో అతికించేస్తే ఏమవుతుందని మీరు అడగలేదు గానీ, ఈ స్థితిలో చాలామంది అదే చేస్తారు. ‘.మోడ్’ వరుస గొడవ తగ్గుతుందన్నది నిజమే. అయినా లాపాక్ బయటే ఉంటుంది. డీజీఈఎస్‌వీ సోర్సు తెచ్చి అతికిస్తే అది పిలిచే డీజీఈటీఆర్ఎఫ్, అది పిలిచే మరికొన్ని వరుసగా తెచ్చుకుంటూ పోవాలి. మీ రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయిన 1992లోనే లాపాక్ మొదటి విడుదల వచ్చింది. అప్పటి నుంచి ఎందరో పరీక్షిస్తూ వచ్చినదాన్ని ముక్కలుగా కోసి నకలు చేయడం నాకు ఇష్టం లేదు. గైడు గారి ‘.ఎఫ్’ ఫైళ్లలో 72వ నిలువు వరుస దాటిన అక్షరాలను కంపైలరు పట్టించుకోదు. వాటిని కొత్త పద్ధతి ఫైలులో అతికిస్తే ఆ అక్షరాలకు ప్రాణం వచ్చి కొత్త తప్పులు పుడతాయి.

మిగిలింది మేక్ అనే సాధనంతో పద్ధతిగా కట్టుకోవడం. ఏ ఆబ్జెక్ట్ ఫైలు ఏ ఫైళ్ల మీద ఆధారపడిందో ఒక మేక్‌ఫైలులో రాస్తారు, దాని కింద కమాండు రాస్తారు. ఆ కమాండు వరుస ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, ఖాళీలు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటుంది. మీకున్న 14 ఫైళ్లకు ఇది నాలుగైదు రోజుల పని, తడబాట్లు కలుపుకుంటే వారం. ఎఫ్‌పీఎం అనే ఫోర్ట్రాన్ ప్యాకేజీ మేనేజరు మాడ్యూళ్ల వరుసను తానే కనుక్కుంటుంది, లైబ్రరీల పేర్లను ఒక చిన్న ఫైలులో రాస్తే చాలు. కానీ ఫైళ్లను అది కోరే ఫోల్డర్లలో సర్దాలి. మీ పరిస్థితిలో నా మొగ్గు మేక్ వైపు, ఎందుకంటే అది మీ ఫైళ్లను ఉన్నచోటే ఉంచి పని చేయిస్తుంది. గైడు గారు కదపవద్దన్నది కూడా సోర్సునే కదా. మేక్‌ఫైలు రాస్తే సోర్సులో ఒక్క అక్షరం కూడా మారదు, ఆయనకు అలాగే చెప్పండి.

ఏ దారిలో వెళ్లినా అన్నయ్యతో ఒక ఫోను మాట తప్పదు, దానికి సంకోచపడకండి. ఇంతవరకు మీరు అడిగింది ప్రతిసారీ ఆయన ఒక రాత్రి తీరికను. ఇప్పుడు అడగబోయేది ఒక్క వరుసను. ‘అన్నయ్యా, ఎగ్జిక్యూటబుల్ వద్దండి. దాన్ని తయారుచేసేటప్పుడు మీరు టైపు చేసే కమాండును, ఫ్లాగులతో సహా, ఉన్నది ఉన్నట్లు పంపండి. ఆ ఫోల్డరులో ఏ ఫైళ్లున్నాయో ఆ జాబితా కూడా’ అనండి. ఆయనకు గుర్తు లేకపోతే టెర్మినల్‌లో హిస్టరీ అని కొడితే దొరకవచ్చు. అదీ లేకపోతే ఆయన చివరిగా పంపిన ఎగ్జిక్యూటబుల్ మీ దగ్గరే ఉంది. ఎల్‌డీడీ కమాండు నడిపితే అది ఏ ‘.ఎస్ఓ’ లైబ్రరీలను కోరుతోందో చెబుతుంది. పేర్లను తొలగించి ఉండకపోతే ఎన్ఎమ్ దాని లోపలి సబ్‌రొటీన్లను చూపుతుంది. రీడ్‌ఎల్ఫ్‌తో ‘.కామెంట్’ భాగాన్ని చూస్తే కంపైలరు వెర్షను తెలుస్తుంది.

కమాండు చేతికి వచ్చాక, పాత కంప్యూటరు మీదే, సోర్సులో ఏమీ మార్చకుండా, ఆయన వరుసతోనే ఒకసారి కట్టి కాశీనగర్ అంకె చూడండి. అది అన్నయ్య ఫలితంతో సరిపోతే, మీరు ముందు తీసేసిన ఆ ఫైలును కమాండులోంచి మళ్లీ తీసి కట్టి, 32 సెంటీమీటర్ల తేడా తిరిగి వస్తుందేమో చూడండి. వస్తే జంట సబ్‌రొటీన్లలో ఏది ఉండాలన్న ప్రశ్న ఇక కంప్యూటరుది కాదు, నదిది. రెండింటినీ అచ్చు తీసి పక్కపక్కన పెట్టి గైడు గారిని అడగండి, ఏ సర్వే లెక్కలతో ఏది రాశారో ఆయనకు తెలిసి ఉంటుంది. రాకపోతే నాకు మళ్లీ రాయండి. ఆ ఉత్తరంతో పాటు అన్నయ్య పంపిన కమాండును, ‘లిబ్‌నది.ఏ’ మీద ఎన్ఎమ్ ఇచ్చిన జాబితాను జతచేయండి.